మా నాన్నకి రెండు తోటాలు చాలు

మా నాన్నకి బల్లి అంటే భయం. పోర్టులో క్రేను మీద నాలుగంతస్తుల ఎత్తున కూర్చుని ఓడల్లోంచి టన్నుల కొద్దీ సరుకు దించే మనిషి, బాత్రూంలో బల్లి కనిపిస్తే తువ్వాలుతో బయటికొచ్చి అమ్మని కేకేసేవాడు. అలాంటి మనిషి చేతికి తొంభైల మధ్యలో ఒక తుపాకీ వచ్చింది.

అది తాతయ్యది. తగరపువలస అవతల కొండవార మాకు రెండు తోటలుండేవి, ఒకటి జీడి, ఒకటి మామిడి. పంట కాపలాకని తాతయ్య ఎప్పుడో ఆ ఒంటిగొట్టం తుపాకీకి లైసెన్సు తీసుకున్నాడు. ఏభై తోటాలు దగ్గర ఉంచుకోవచ్చని అందులో రాసి ఉండేది. తోటాలంటే తూటాలే, మావైపు పాతవాళ్ళు అలాగే అంటారు. పొద్దువాలే వేళ ఆయన తోటలో పేల్చిన చప్పుడు రెండూళ్ళకి వినిపించేదట. ఆ చప్పుడు చెప్పుకునే ఆయన ఊళ్ళో మీసం తిప్పాడు. కళ్ళకి శుక్లాలొచ్చాక పూర్ణా మార్కెట్ వెనక ఉన్న మా ఇంటికొచ్చేశాడు. వస్తూ తుపాకీని కొడుకు పేరుకి మార్పించాడు. నాన్న వద్దనలేదు. వాళ్ళ అయ్య మాటకి వద్దనడం మా నాన్న ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు.

కొన్ని నెలలకి కొత్త లైసెన్సు వచ్చింది. తోటాల సంఖ్య దగ్గర "2" అని ఉంది. తాతయ్య భూతద్దం పెట్టి చూశాడు. నమ్మకం కుదరక నాచేత చదివించాడు.

"రెండేటి? ఏబై కాపోతే ఇరవయ్యైనా ఉండాల కదా. పక్కన సున్నా సెరిగిపోనాదేటో సూడు."

"సున్నా లేదు తాతా, రెండే."

"అయితే మీ బాబు మొకం సూసి రాసేసుంటారు."

నాన్న అక్కడే ఉన్నాడు. లైసెన్సు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది తాతయ్య పోలికేనని అమ్మ అనేది, అలా అన్నప్పుడు ఇంకా మండేది.

తుపాకీ కాపురం అమ్మ చేతిలోకి వెళ్ళింది. తుపాకీ బీరువాలో పట్టుచీరల వెనక, తోటాలు వంటింట్లో ఖాళీ కాఫీపొడి డబ్బాలో. "రెండూ ఒక్క గదిలో పెట్టకండి. మొగుడూ పెళ్ళాల్లాగ ఎప్పుడో పేల్తాయి," అంది.

తోటలు చూసుకునేది మా మేనత్త మొగుడు. నాకు మావయ్య, నాన్నకి బావ. ఒకరోజు ఆయన బస్సు దిగి, చెమట కూడా తుడుచుకోకుండా, "బావా, మావిడిసెట్ల మద్దిన ఏసిన సిలగడదుంపలు ఒక్కటీ మిగల్లేదు. అడివిపందులు దున్నేసినాయి. తుపాకీ అట్టుకొచ్చెయ్," అన్నాడు.

నాన్న వెళ్ళాడు. ఆ నెలలో మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ ఆ రెండు తోటాలనీ జాగ్రత్తగా తిరిగి తెచ్చి కాఫీపొడి డబ్బాలో వేశాడు. చిత్రమేమిటంటే పందులు మాత్రం పోయాయి. నాన్న ఒక కిరసనాయిలు డబ్బాని కర్రతో వాయిస్తూ, దీపావళికి మిగిలిన బాంబులు విసురుతూ, వాటిని కొండ మొదటిదాకా తరిమాడని మావయ్య చెప్పాడు. తుపాకీ అంతసేపూ జీడిచెట్టుకి ఆనుకుని విశ్రాంతి తీసుకుందట.

పందులు పోయాయన్న సంతోషం తాతయ్యకి లేదు. "కాల్సలేదేట్రా?"

"రెండే కదయ్యా. ఒకటి కాల్సేత్తే ఒకటే మిగుల్తాది. అది తప్పితే పంది నా మీదకొచ్చెత్తాది."

"అయితే ఎక్కువ రాయించుకో!"

అలా మా ఇంట్లో చర్చ మొదలైంది: తుపాకీ ఉన్న మనిషి దగ్గర ఎన్ని తోటాలుండాలి? తాతయ్య ఏభైకి ఒక్కటి తగ్గనన్నాడు. మావయ్య, "నూరడగండి, ఏబై ఇత్తారు," అన్నాడు, అదేదో చేపల బేరమైనట్టు. అమ్మ ఆ రెండే ఎక్కువంది. నేను డిగ్రీలో లెక్కలు చదువుతున్నాను కాబట్టి శాస్త్రీయంగా తేల్చుదామని కాగితం తీశాను. మందకి ఎనిమిది పందులు, పందికి రెండు, గురి తప్పేవాటికి రెట్టింపు, వెరసి ముప్పై రెండు. "మీ బాబు గురికి నాలుగింతలెయ్యి," అన్నాడు తాతయ్య. అరవై నాలుగయ్యాయి. నాన్న అభిప్రాయం ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

లైసెన్సు గడువు పెంచుకునే రోజు దరఖాస్తు రాయడానికి నాన్న నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. దారిలో టీ బడ్డీ దగ్గర ఆపాడు. కాగితం సీటు మీద పెట్టి, "ఎన్ని రాయను నాన్నా?" అని అప్పుడడిగాను.

"నాకొక్కటీ అక్కర్లేదమ్మా. ఆ సప్పుడికే నాకు గుండె జారిపోతాది." టీ ఊదుకున్నాడు. "గాని ఏబై రాయి. నాకు నలబై ఎనిమిదేళ్ళొచ్చినాయి. మా అయ్య ఒక్కసారి కూడా నన్ను మెచ్చుకోలేదు. ఏబై అని కాయితం సూపిత్తే, అప్పుడైనా నన్నో మగోడి కింద లెక్కెడతాడేమో."

నాకు తాతయ్య మీద కోపమొచ్చింది. నాన్న మీద అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. జాలి కూడా కోపంలాగే రావడం మా వంశ లక్షణం. పెన్ను విరిగేలా ఏభై అని రాశాను.

ఆఫీసులో గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం చూశాడు. "ఏభయ్యా? ఈ మూడేళ్ళలో ఎన్ని వాడారండి?"

నాన్నకి అబద్ధం చెప్పడం కూడా రాదు. "ఒకటీ లేదండి," అని, చూపించమంటారేమోనని తెచ్చిన జేబురుమాలు విప్పి, రెండు తోటాలూ బల్ల మీద పెట్టాడు. గుమస్తా ముందు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత వంగి చూశాడు. సముద్రపు ఉప్పుగాలికి అడుగున ఇత్తడంతా పచ్చగా చిలుమెక్కి ఉంది.

"ఇవి పేలవండి."

"పేలవా!" అన్నాడు నాన్న. ఆ గొంతులో ఉన్నది బాధ కాదని నాకొక్కదానికే తెలుసు.

"అయినా రెండు చాలని మీరే అన్నారు కదా," అని గుమస్తా పాత ఫైలు తిరగేసి విచారణ రిపోర్టు చదివాడు. "దరఖాస్తుదారుడు తనకు రెండు చాలుననియు, ఉన్న రెండింటినే చూసుకోలేకపోవుచున్నాననియు చెప్పినందున..."

నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లైసెన్సు మార్పు విచారణకి ఇంటికొచ్చిన కానిస్టేబుల్ అప్పుడు గుర్తొచ్చాడు. అమ్మ పళ్ళెం నిండా జంతికలు పెట్టింది. ఆయన నోటినిండా కుక్కుకుని, "తోటాలెన్నుండాలండి?" అన్నాడు. జంతికతోపాటు దీర్ఘాన్నీ నమిలేశాడు. తోటల కాగితాలన్నీ ముందు పరుచుకుని కూర్చున్న నాన్నకి 'తోటలు' అని వినబడింది. "రెండు సాలు బాబూ, ఉన్న రెండే సూసుకోలేకపోతన్నాం," అని నిట్టూర్చాడు. అంత ఒద్దికైన మనిషిని ఆయన ఎక్కడా చూసి ఉండడు. మెచ్చుకోలుగా తలాడిస్తూ రాసుకుని, ఇంకో నాలుగు జంతికలు తిని వెళ్ళాడు.

సంగతి చెబితే గుమస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాడనివాళ్ళకి పెంచడం కుదరదండి. రెండే ఉంచుతాను," అన్నాడు. చిలుమెక్కినవి ఇంట్లో ఉంచకూడదంటే ఆ రెండూ చెప్పినచోట అప్పగించి రసీదు తీసుకున్నాం. ఏభై కోసం వెళ్ళి ఉన్న రెండూ పోగొట్టుకుని ఇంటికొచ్చాం.

తాతయ్య రెండో కంటికి ఆపరేషనై వారమే అయింది. పచ్చటి ముసుగు కట్టుకుని మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. నాన్న ఏదో సర్దిచెబుతాడనుకున్నాను. చెప్పలేదు. ఎదురుగా నిలబడి, "ఏబై ఇవ్వలేదయ్యా. రెండు సాలని నానే అన్నానట, తోటలనుకున్నాను. ఉన్న రెండూ సెడిపోయినాయి, ఇచ్చేసినాను," అన్నాడు. నేను పక్కనే నించున్నాను. తాతయ్య మూతి విరిస్తే అనాల్సినవన్నీ స్కూటర్ మీదే వరసగా పేర్చుకున్నాను.

తాతయ్య నాన్న వైపు తల తిప్పాడు.

"సెడిపోయినాయా? అయితే ఒట్టి గొట్టం అట్టుకునే పందుల్లోకి ఎల్లినావన్నమాట."

"గొట్టం కూడా సెట్టు కాడే ఉంచేసినానయ్యా. డబ్బాయే అట్టుకెల్లినాను."

"ఆటిని దగ్గిర్నించి సూసినావా?"

"సూసినాను. కాళ్ళు ఒణికినాయి."

"నాను సూడలేదురా," అన్నాడు తాతయ్య. "ఒక్కదాన్ని కూడా. సీకటి పడతాదంటేనే బయమేసేది. ఆకు కదిల్తే ఆకాసంలోకి కాల్సేవోడిని. మళ్ళీ కదిల్తే మళ్ళీ. రెండూళ్ళోళ్ళూ నా దైర్యం ఇన్నామనుకున్నారు. ఆళ్ళు ఇన్నది నా బయం. అందుకే నాకు ఏబై కావాలొచ్చింది. నీకు సున్నాతో సరిపోనాది. నాకంటే నువ్వే నయంరా."

నాన్న మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. తాతయ్య మోకాలి మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఏడవకురా ఎదవా, నాకూ ఏడుపొచ్చెత్తాది, డాట్టరు కన్ను తడపొద్దన్నాడు," అని తిడుతూనే ఆయన ముసుగు కిందినుంచి కన్నీళ్ళు తుడుచుకున్నాడు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ, పాతికేళ్ళ కాపురంలో ఆ తండ్రీకొడుకులు ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు కాబట్టి, ఎవరో పోయారనుకుని గొల్లుమంది.

ఎవరూ పోలేదని అమ్మకి నేనే చెప్పాల్సొచ్చింది. చెబుదామని నోరు తెరిచాను గానీ, నాకూ ఏడుపే వచ్చింది.