నాన్న ముందుగా చూసొచ్చిన సినిమాలు

మా నాన్న చర్చిలో సంఘ పెద్ద. సినిమా మేం చూడదగ్గదో కాదో ముందు తానొక్కరే చూసొచ్చి తేల్చేవారు. అనకాపల్లిలో ఇంటింటికీ సీడీలు వచ్చేసిన రోజుల్లో కూడా మేం ఆయన తీర్పు కోసం గుమ్మంలో కాచుకునేవాళ్ళం. తీర్పు ఎప్పుడూ ఒకటే: “సెడ్డ సినిమా. ఎల్లొద్దు.” నాకు ఒళ్ళు మండేది.

ఒకదానికి ఆయన మూడుసార్లు వెళ్ళొచ్చారు. “అంత సెడ్డదైతే మల్లీ మల్లీ ఎందుకెల్లేరు?” అంది అమ్మ.

“ఒక్కసారి సూసి సెడ్డదనేత్తే అన్యాయం కదేటి,” అన్నారు నాన్న.

చివరికి ఒకటి మంచిదని తేల్చి, అందరినీ తీసుకెళ్ళారు. ఇంటర్వెల్ కాకముందే ఆయన గురక మొదలైంది.

అమ్మ తట్టి లేపింది. “లెగండి. ఆ సెడ్డది ఇంకా ఆడతందేమో, దానికెల్దాం.”