బావ చెప్పు, నా బొటనవేలు

జమ్మికుంట మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చేసే మా బావ ఒక మధ్యాహ్నం ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడు. అక్కను చూద్దామని మెట్‌పల్లి నుంచి వెళ్లిన నేను అప్పుడే అన్నం ముందు కూర్చున్నాను. బావ ఎడమ కాలికి చెప్పుంది, కుడి కాలు ఉత్తదే. ఆ సంగతి ఆయనకు తెలియదు. గడప దగ్గర ఆగి, కాలికున్న ఒక్క చెప్పు విప్పి, లేని రెండో చెప్పును కూడా అలవాటుగా విదిలించి లోపలికి వచ్చాడు.

నాకు పొలమారింది. రెండో చెప్పు పత్తితో పాటు కాంటా ఎక్కిందా అని అడిగాను. ఎవడో ఎత్తుకపోయిండన్నాడు. కాలికున్న చెప్పును ఎట్లా ఎత్తుకపోతాడని నేను. అక్క కూడా నవ్వింది. తర్వాత ఆయన పాదం తిప్పి చూసి నవ్వడం ఆపేసింది. ఎండకు కాలిన తారు రోడ్డు మీద నడిచిన అరికాలు ఎర్రగా కంది ఉంది.

"మంట లేస్తలేదా?"

"ఏం లేదు. జర మొద్దుగుంటది, గంతే. ఫికర్ జెయ్యకు."

బావకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. అక్క ఫికర్ చేయనే చేసింది. మర్నాడే ముగ్గురం కరీంనగర్ వెళ్లాం. నేను తోడు కోసం కంటే తమాషా కోసమే బయల్దేరాను.

షుగర్ డాక్టరు దగ్గర పాదాలు పరీక్షించే సిస్టర్ ఒకామె ఉంది. ఆమె చేతిలో చిన్న పిడికి బిగించిన నైలాన్ పోగు, గాలం దారం లాంటిది. కళ్లు మూసుకుని, అది పాదానికి తగిలినప్పుడల్లా చెప్పాలి. నరాలు దెబ్బతింటే ఆ తాకిడి తెలియదట. అలాంటివాళ్లు ముల్లు గుచ్చుకున్నా గమనించరు, అది పుండై కాలు మీదికి వస్తుందని చెప్పింది. బావ కళ్లు మూసుకుని, తాళం వేసినట్టు "తాకింది... తాకింది" అంటున్నాడు. సిస్టర్ అప్పటికే పోగు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చూస్తోంది.

నేను పగలబడి నవ్వాను. సిస్టర్ ఇటు తిరిగి, నాకు షుగర్ ఉందా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అక్క ఉందని చెప్పేసింది.

బూట్లు విప్పి, కళ్లు మూసుకుని కూర్చున్నాను. మడమ దగ్గర తాకింది, చెప్పాను. తర్వాత ఎంతసేపు ఆగినా ఏమీ తగల్లేదు.

"వేళ్లకు ఎప్పుడు పెడ్తవమ్మా?"

"వేళ్లవి అయిపోయినయ్ సార్."

కళ్లు తెరిచేసరికి బావ ముఖం వెలిగిపోతోంది. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు. నేను నా వేళ్ల వంకే చూస్తున్నాను. కాలు నాదే, కళ్లెదుటే ఉంది, కబురు చెప్పడం మానేసింది.

ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగవద్దని, రోజూ అరికాళ్లు చూసుకోవాలని డాక్టరు చెప్పాడు. మా ఇద్దరికీ పొట్టలు అడ్డం. అక్కే ఉపాయం చెప్పింది. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే వీడియో కాల్‌లో ఒకరి అరికాళ్లు ఒకరం చూసుకోవడం మొదలుపెట్టాం. మొదట్లో నేను సిగ్గుపడితే బావ అన్నాడు కదా, "పెండ్లిల మీ బాపు నా కాళ్లు కడిగిండు. నువ్వు సూస్తే సాలు." మా ఆవిడ ఆ ఫోన్ వైపు కన్నెత్తి చూసేది కాదు.

వానాకాలంలో ఒకరోజు బావ పరాచికాలు మధ్యలోనే ఆగిపోయాయి.

"బామ్మర్దీ, బొటనవేలు కింద గా నల్లది ఏంది?"

పసుపు చేను చూసి వచ్చాను, బురద అన్నాను. తుడవమన్నాడు. తుడిచినా పోలేదు. మా ఆవిడ టార్చి వేసి చూసింది. తుమ్మ ముల్లు లోపలే విరిగి ఉంది. ఎప్పుడు దిగిందో నాకే తెలియదు.

పొద్దున్నే డాక్టరు దాన్ని తీశాడు. అప్పుడప్పుడే చీము పడుతోందని, ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పి కట్టు కట్టాడు. మానేదాకా బావ రోజూ ఫోన్ చేసి, దగ్గరికి పెట్టు, సక్కగ కనవడ్తలేదని కసిరేవాడు. కట్టు పూర్తిగా విప్పిన రోజు మాత్రం కసరలేదు; మానింది, నువ్వు గూడ సూడని ఫోన్ అక్క చేతికిచ్చాడు.