దారిలో తాగేసిన వేర్ల కట్ట

ఈ సంగతి జరిగిన వారమే రాసి ఉంటే ఇంకా బాగుండేది. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఫిజీలో చెరకు పొలాల మధ్య పుట్టాను, ఇంటికి పెద్ద ఆడపిల్లని. చెరకు కోత మొదలైతే కోతగాళ్ళకు రొట్టెలు కాల్చే చెయ్యి ఒకటి కావాలి, ఆ చెయ్యి నాది. తమ్ముళ్ళకు డబ్బాలు కట్టి, బడి బస్సు ఎక్కించి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చేదాన్ని. తెలుగు మా అవ్వ నోట విన్నదే తప్ప, దాన్ని కాగితం మీద పెట్టవచ్చని కూడా నాకు చాలాకాలం తోచలేదు. కోడలు వచ్చి వంటిల్లు అందుకున్నాక, గుడి హాల్లో ఆదివారాలు ఒక పెద్దావిడ తెలుగు చెబుతోందని విని వెళ్ళాను. పలకలు పట్టుకున్న పిల్లల మధ్య నా తల ఒక్కటే తెల్లగా ఉండేది.

మా ఆయన మా ఊరి పెనాంగ్ చక్కెర మిల్లులో ఫిట్టరు. మిల్లు ఇంకా నడుస్తున్న రోజులవి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ తన మోటారు సైకిల్ని మా మామగారికి ఇచ్చిపోయాడట. మామగారు దాన్ని కొన్నాళ్ళు నడిపి, అది మొరాయించాక షెడ్డులో నిలబెట్టారు. ఆ తర్వాత అది కోళ్ళ సొత్తయింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గుడ్లు కావాలంటే దాని సీటు కింద చెయ్యి పెట్టేదాన్ని. ముసలాయన మంచాన పడ్డాక, ఒక్కసారి దాని చప్పుడు వినాలని ఉందనేవారు. వినకుండానే పోయారు. అప్పట్నుంచి మా ఆయనకు ఒకటే పట్టుదల. ఏళ్ళ తరబడి దాన్ని విప్పి, తోమి, దొరకని భాగాలు తనే చేసుకుని నడిపించాడు. ఇక మిగిలిన కోరిక ఒక్కటే: నాన్న బండిని బైకుల ప్రదర్శనలో నిలబెట్టి, దాని చప్పుడు నలుగురికీ వినిపించాలి.

ఒక చిక్కు ఉంది. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడి ఆయన కుడి మోకాలు పాడుచేసుకున్నాడు. ఆ బండికి కిక్కు కుడివైపే. ఆ కాలితో తొక్కితే బండి లేవదు, ఆయన లేవడు. అందుకని షెడ్డు వెనక ఎవరూ చూడకుండా నేనే కొట్టేదాన్ని.

"ఎవరికీ చెప్పకే. మగాడి బండికి పెళ్ళాం కిక్కు కొడతాదని తెలిస్తే క్లబ్బోళ్ళు నన్ను బతకనిస్తారా?" అనేవాడు.

క్లబ్బంటే చుట్టుపక్కల చెరకు రైతులు, మిల్లు పనివాళ్ళు. ఆ ఏడు ప్రదర్శన సముద్రం ఒడ్డున ఫిజీ మూలవాసుల ఊరొకదాని మైదానంలో పెట్టారు. శుక్రవారం వెళ్ళి గుడారాలు వేసుకోవాలి, శనివారం ప్రదర్శన. వంటకు మనిషి కావాలని నన్ను కూడా రమ్మన్నారు. గిన్నెలు, టార్పాలిన్లతో పాటు నన్నూ లారీ ఎక్కించారు. బయలుదేరే ముందు నేను షెడ్డు వెనక్కి వెళ్ళి బండి లేపి వచ్చాను. ఇక గుడారాల దాకా ఇంజను ఆపకూడదని మా ఆయన పథకం.

మా దేశంలో ఎవరి ఊరి నేల మీదైనా అడుగు పెడితే ముందు ఆ ఊరి పెద్దకు, దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేర్ల కట్ట ఇచ్చి అనుమతి అడగాలి. దాన్ని సెవుసెవు అంటారు. ఆయన పుచ్చుకునేదాకా గుడారానికి ఒక మేకు కూడా దిగదు. క్లబ్బు అధ్యక్షుడికి ఇది బాగా తెలుసు. దారిలో తాగడానికి ఒక కట్ట, ఊరికి ఒక కట్ట అని ముందే అనుకున్నారు. ఊరి కట్ట అధ్యక్షుడు తెస్తాడని లారీ అతను, లారీ అతను తెస్తాడని అధ్యక్షుడు అనుకున్నారు. చివరికి లారీ ఎక్కింది ఒక్కటే కట్ట.

దారిలో వాన పట్టుకుంది. అధ్యక్షుడి బావమరిది వరండాలో ఆగాం. వాన, వరండా, పదిమంది మగవాళ్ళు. ఇంకేముంది, కట్ట విప్పి దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరి చిప్పలు తిప్పడం మొదలుపెట్టారు. మా ఆయన మాత్రం వానలో రోడ్డు మీద ఇంజను ఆపకుండా బండి పట్టుకుని నిలబడ్డాడు.

"అరే భయ్యా, బంద్ కరో! పెట్రోల్ ముఫత్ హై కా?" అని లోపల్నుంచి హిందీలో అరిచారు, ఇంజను ఆపు, పెట్రోలేమైనా ఊరికే వస్తోందా అని.

"ఇంగ్లీషు బండి. మజ్జలో ఆపితే అలుగుతాది," అన్నాడు తడిసిన మీసం తుడుచుకుంటూ. నేను నవ్వు ఆపుకోలేక లారీ వెనక్కి వెళ్ళిపోయాను.

ఊరు చేరాక ఇంజను ఆపక తప్పలేదు. పెద్దాయన ఇంట్లో ఎదురు చూస్తున్నాడని అప్పటికే ఒక మనిషి వచ్చి చెప్పాడు. అధ్యక్షుడు లారీ అతని వైపు చెయ్యి చాచాడు. లారీ అతనూ అధ్యక్షుడి వైపు చెయ్యి చాచాడు. అలా ఇద్దరూ కాసేపు నిలబడ్డారు.

"ఉన్న ఒక్కటీ తాగేసినాం," అన్నాడు లారీ అతను చివరికి.

మా ఆయన మొహం చూడలేకపోయాను. వెనక్కి పొమ్మంటే నాన్న బండి మళ్ళీ షెడ్డుకే. దగ్గర్లో దుకాణం లేదు. అధ్యక్షుడికి ఒక ఉపాయం తోచింది. నన్ను వదిన వరసలో భౌజీ అనేవాడు.

"భౌజీ, నీ దగ్గర కర్రపెండలం ఉంది కదా? పేపర్లో చుట్టేద్దాం. అదీ చెట్టు వేరే, ఇదీ చెట్టు వేరే."

"వాళ్ళకు ముక్కులు లేవా?" అని, నేను బకెట్ తీసుకుని నీళ్ళకు వెళ్ళాను.

కుళాయి దగ్గర ఒక ముసలావిడ చేపలు తోముతోంది. కొంగున కట్టుకున్నట్టు నా వెంట ఎప్పుడూ రొట్టెలు, మామిడి అచారు ఉంటాయి. కాస్త పెట్టాను. ఆవిడ ఫిజీ హిందీ నాకన్నా బాగా మాట్లాడింది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను.

"తాగేసినారా? సెవుసెవు? తెచ్చినవాళ్ళే?" అంటూ చేప చేతిలోనే పట్టుకుని ఊగిపోయి నవ్వింది. ఇంట్లోకి వెళ్ళి, ఎర్రపూల గుడ్డపేలికతో కట్టిన యంగోనా కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "తీసుకుపో. ఎవరిచ్చారంటే నోరు విప్పకు."

పెద్దాయన ఇంట్లో అందరం చాపల మీద కూర్చున్నాం. మా అధ్యక్షుడు వంగి, నేను తెచ్చిచ్చిన కట్టను ముందు పెట్టాడు. వాళ్ళ తరఫున ఒకాయన పెద్ద మాటలు పలికాడు, అందరూ అరచేతులు గుంటగా చేసి చప్పట్లు కొట్టారు. పెద్దాయన కట్ట ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. ఆ ఎర్రపూల ముడి చూశాడు. తలెత్తి, వెనక కూర్చున్న తన భార్యను చూశాడు. ఆవిడ కుళాయి దగ్గరి ముసలావిడే! ఆవిడ మాత్రం కప్పు వైపు చూస్తోంది.

"చాలా దూరం నుంచి తెచ్చినారా?" అని అడిగాడు.

"పెనాంగ్ నుంచి, సర్," అన్నాడు అధ్యక్షుడు గంభీరంగా.

"అవునా. పొద్దున మా పెరట్లో ఎండుతుంటే చూసినా. నీ మోటారు సైకిలెక్కి ఊరు తిరిగొచ్చినట్టుంది."

ఇల్లంతా గొల్లుమంది. అధ్యక్షుడు చాపలోకి దూరిపోయేలా ఉన్నాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని పెద్దాయన కట్ట పుచ్చుకున్నాడు.

"మా నేల మీద ఉండండి. ఒకటే జరిమానా. మీలో ఒకడి దగ్గర దొరల నాటి బండి ఉందంట. రేపు పొద్దున మైదానానికి పోకముందు దాన్ని నా గుమ్మం ముందు లేపాలి. ఆ చప్పుడు ముందు మా ఊరు వినాలి."

క్లబ్బువాళ్ళంతా మా ఆయన వీపు చరిచారు. ఆయన నవ్వుతూనే పాలిపోయాడు. పొద్దున్నే కొబ్బరిచెట్ల చాటున నేనే బండి లేపాలని ఆయన, నేను అనుకున్న సంగతి ఇంకెవరికి తెలుసు?

గుడారం తాళ్ళు బిగిస్తూ నా పక్కకు చేరాడు. "ఏం చేద్దామే?"

"నువ్వు కొట్టగలవా?"

"లేదు."

"మరింకెవరు కొడతారు?"

ఆయన తాడుకు ఇంకో ముడి వేశాడు. "నవ్వుతారే," అన్నాడు.

"ఈ సాయంత్రం నుంచి వాళ్ళు ఆపిందెక్కడ?" అన్నాను.

పొద్దున ఊరంతా పెద్దాయన గుమ్మం ముందు చేరింది. మా ఆయన బండి నడిపించుకొచ్చి నిలబెట్టి, నా వైపు చూశాడు. నేను టీ గిన్నె దించి, పొడుగు గౌను అంచు నడుముకు దోపుకుని వెళ్ళాను. నా చెప్పులతో కిక్కు జారుతుందని ఆయన కుడి కాలి బూటు విప్పించి తొడుక్కున్నాను.

"అరే భౌజీ, కా కరత్ హౌ?" అన్నాడు అధ్యక్షుడు, ఏం చేస్తున్నావని.

"రోజూ చేసేదే," అన్నాడు మా ఆయన, గట్టిగా, అందరికీ వినబడేట్టు.

వేలికి పెట్రోలు తడి తగిలేదాకా కార్బురేటరు మీది మీట నొక్కాను. కిక్కు గట్టిపడిన చోట ఆగాను. మొదటిసారి బండి దగ్గి ఊరుకుంది. రెండోసారి నా ఒళ్ళంతా వేసి తొక్కాను. మామగారు వినాలనుకున్న చప్పుడు లేచింది. ఊళ్ళో కోళ్ళన్నీ రెక్కలు కొట్టుకుంటూ పారిపోయాయి. పాపం, అది తమ పాత గూడని వాటికి తెలియదు కదా. ముసలావిడ చేతులెత్తి కేక పెట్టింది.

నేను బూటు తిరిగి ఇవ్వలేదు. మైదానంలో జడ్జీల ముందు మళ్ళీ ఎవరు కొట్టాలి మరి? వెనక సీటెక్కి కూర్చున్నాను. ఆయన ఎడమకాలికి ఒక బూటు, నా కుడికాలికి ఒక బూటు, అలాగే వెళ్ళాం.