పక్కింట్లో అమ్మవారు, మా ఇంట్లో చికెన్‌పాక్స్

పక్కింటి పిల్లకు అమ్మవారు పోసింది. నాకు చికెన్‌పాక్స్ వచ్చింది. జబ్బు ఒకటే, ఎండాకాలం ఒకటే, మధ్యలో ఉన్నదీ ఒకటే గోడ. అయినా దానికి జరిగిన మర్యాదలో వీసమెత్తు నాకు జరగలేదు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

అప్పట్లో మేముండేది మద్రాసు పక్కన తిరువొత్తియూరులో, ఫ్యాక్టరీ కూలీల వరస ఇళ్ళలో. మా నాయన, ఆ పిల్ల నాయన ఒకే ఫ్యాక్టరీ, ఒకే షిఫ్టు. వాళ్ళు హిందువులు, మేము క్రైస్తవులం. మా నాయన తెలుగు చర్చిలో సంఘపెద్ద కూడా. రెండిళ్ళలోనూ మాట్లాడేది నెల్లూరు తెలుగే, కోపమొస్తే తిట్టుకునేది మాత్రం అరవంలో. నడిమి గోడ పైకప్పు పెంకుల దాకా లేదు. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లోంచి చిరంజీవ అనేవాళ్ళు.

నేనూ ఆ పిల్లా అయిదో తరగతి. ఆ ఏటితో ఇద్దరి చదువూ సరి అని ఇద్దరు నాయనలూ ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని తేల్చేశారు. పెద్దబడి రైలు గేటుకు అవతల ఉంది, ఆడపిల్లలు గేటు దాటి పోవడమెందుకు అన్నది వాళ్ళ మాట. నాకేమో పెద్దబడికి పోవాలని ప్రాణం కొట్టుకునేది. రోజూ పొద్దున నీలం పావడాల పిల్లలు ఆ గేటు దగ్గర గుంపుగా నిలబడి, రైలు పోయేదాకా ఏదో గుసగుసలాడుకుంటూ నవ్వుకునేవాళ్ళు. వాళ్ళేం చెప్పుకుంటున్నారో నాకు తెలియాలి.

పరీక్షలు అయీ అవగానే పక్కింటి పిల్లకు ఒళ్ళంతా పొక్కులు లేచాయి. వాళ్ళ గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆ ఇంట్లో తాలింపు ఆగిపోయింది. దాన్ని పేరు పెట్టి పిలవడం కూడా ఆగిపోయింది. అమ్మవారు ఒంటి మీదికి వచ్చిందంటే వాళ్ళకు ఆ మనిషే అమ్మవారు; ఏం కోరితే అది ఇవ్వాలి, కాదనకూడదు. గోడకు ఇవతల చాప మీద పడుకుని నేను అన్నీ విన్నాను. ఇళనీరు, అదే కొబ్బరినీళ్ళు, తాగుతావా తల్లీ అని ఒకరు, తాటిముంజలు తెచ్చినాము తల్లీ అని ఇంకొకరు. దాని నాయన నోరు తెరిస్తే బూతు తప్ప రాని మనిషి. కూతురి వీపు మోగించకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు. అలాంటివాడు దాని చాప దగ్గర నిలబడి, తప్పులేమన్నా చేసుంటే మన్నించు తల్లీ అంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు విని నాకు కూడా ఏడుపొచ్చింది, నన్నెవరూ అలా బతిమాలలేదే అని.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ ఇంట్లో ఆ వారమంతా చప్పిడి కూడే. అయినా నా కళ్ళు ఆ కంచం మీదే ఉన్నాయి.

ఒక సాయంత్రం దాని అవ్వ గొంతు వినిపించింది. ఏం కావాలి తల్లీ నీకు, మనసులో ఉండేది చెప్పు అని అడుగుతోంది. జవాబుగా సన్నగా మూలుగు వినబడింది. ఆ వెంటనే అవ్వే కొడుకుతో గట్టిగా అంది.

"ఇన్నావా రా? అమ్మ పెద్దబడికి పోతానంటా ఉండాది."

దాని నాయన ఆలోచించనైనా లేదు. అట్లే తల్లీ, అట్లే పంపిస్తా అన్నాడు.

నాకు అన్నం సయించలేదు. ఎక్కాలు నా పలకలో చూసి రాసుకునే పిల్ల, పొక్కులు పుట్టించుకుని పెద్దబడి కొట్టేసింది. మా ఇంట్లో పడుకునే ముందు అందరం మోకరించేవాళ్ళం. నాయన పైకి ప్రార్థన చేస్తుంటే నేను లోలోపల ఇంకో ప్రార్థన చేసుకున్నాను: ప్రభువా, నాకు కూడా అమ్మవారు పోసేటట్టు చెయ్యి. సంఘపెద్ద కూతురు ప్రభువును అడగాల్సిన కోరిక కాదది. అయినా రోజూ అడిగాను.

ప్రభువు ఆలకించాడు. దానికి తలకు నీళ్ళు పోసి, గుమ్మానికి వేపమండలు తీసేసిన కొద్ది రోజులకే నాకు జ్వరమూ, కడుపు మీద మొదటి పొక్కూ వచ్చాయి. సంబరంగా మా అమ్మను పిలిచి చూపించాను. అమ్మ నాయన వైపు చూసింది. ఇది జబ్బు, జబ్బుకు మందు అన్నాడు నాయన. వేపాకు గడప దాటి రాకూడదు, అది అన్యుల ఆచారం అని కూడా అన్నాడు. నాకు దుప్పటి కప్పి రిక్షా ఎక్కించారు.

మొదటి డాక్టరు దగ్గర కంపౌండరు నా మొహం చూసి మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. అమ్మవారు పోసిన పిల్లను ఎవరన్నా మందులకు తెస్తారా అని మా అమ్మను గదమాయించాడు. ఆ రోజంతా నన్ను అమ్మవారి కింద లెక్కగట్టినవాడు ఆ కంపౌండరొక్కడే, వాడైనా దండం పెట్టలేదు. అక్కడా ఇక్కడా విచారించి, చాలా దూరంలో ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి పోయాం. ముసలాయన, ఎల్.ఎం.పి. చదివినాయన. నన్ను రిక్షాలోనే ఉండమని తానే వీధిలోకి వచ్చాడు. నాలుక చూశాడు, వీపు చూశాడు. చికెన్‌పాక్సే, మశూచి కాదు, భయపడకండి అన్నాడు. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన సీసాలో గులాబీరంగు మందు పోసిచ్చి, ఒంటికి పూయమన్నాడు. గోళ్ళు కత్తిరించమన్నాడు. మంచి డాక్టరే, కానీ నాకేం కావాలో ఆయన కూడా అడగలేదు.

ఇంటికొచ్చి, కోరిక నాలుక చివర పెట్టుకుని ఎదురుచూశాను. మా ఇంట్లో అడిగేవాళ్ళు లేరు, అందరూ చెప్పేవాళ్ళే. గోక్కోవద్దు, లేవొద్దు, గంజి తాగు. మా అమ్మ చారుకు తాలింపు పెడితే ఆవాలు చిటపటలాడాయి. నాకోసం ఆ తాలింపు కూడా ఆగలేదని కోపంతో గోడవైపు తిరిగి పడుకున్నాను. పాస్టరయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడి, ఈ బిడ్డకు ఓర్పు దయచెయ్యి తండ్రీ అని ప్రార్థించి పోయాడు. ఆ ఓర్పు ఎవరికి కావాలి?

పొక్కులు మాడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం పక్కింటి అవ్వ మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. నాయన షిఫ్టు దిగి వచ్చి అక్కడే కాళ్ళు కడుక్కుంటున్నాడు. అవ్వ ఆయన్ను పలకరించకుండానే లోపలికి తొంగిచూసి, నాకు చేతులు జోడించింది.

"ఏం కావాల తల్లీ నీకు?"

"పెద్దబడికి పోవాల," అన్నాను, ఎక్కడ ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంటుందోనని గబగబా.

అవ్వ నాయన వైపు తిరిగింది. "ఇన్నావా అబ్బయ్యా? అమ్మ అడగతా ఉండాది."

నాయన చెంబు కింద పెట్టాడు. అవ్వంటే ఆయనకు గౌరవం, గొంతు పెంచలేదు.

"మా ఇంట్లో అమ్మవారు లేదవ్వా. పిల్ల ఉండాది, అంతే."

నా పని అయిపోయిందనుకుని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. అప్పుడు పొయ్యి దగ్గర్నుంచి మా అమ్మ మాట్లాడింది. నాయనకు ఎదురు చెప్పగా నేను అంతకుముందు వినలేదు.

"పిల్లే అడిగింది. ఆ పిల్లకే చెప్పు."

నాయన లోపలికి వచ్చి, నా చాప పక్కన కూర్చుని, ఎందుకు పోవాలి నువ్వు అని అడిగాడు. పక్కింట్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. అమ్మవారిని ఎందుకు అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? దానికి నేను జవాబు సిద్ధం చేసుకోలేదు, నిజమే బయటికి వచ్చేసింది.

"ఆ పిల్ల పోతా ఉండాది కదా."

నాయన మొహం అటు తిప్పుకుని నవ్వాడు. గేటు దగ్గర ఇద్దరూ చెయ్యి పట్టుకుని దాటాలి, తెలిసిందా అన్నాడు.

సంతోషమే. కాకపోతే దానికి దండం పెట్టి ఇచ్చారు, నాకు నవ్వి ఇచ్చారు. ఆ తేడా నేను మరిచిపోలేదు.

జూన్ నెలలో, ఫస్ట్ ఫారం, అంటే ఆరో తరగతి, మొదటి రోజు, ఇద్దరం నీలం పావడాలు కట్టుకుని గేటు దగ్గర చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డాం. గూడ్సు బండి పోతోంది. నా గొప్ప చెప్పుకోకుండా ఉండలేకపోయాను. నువ్వు అమ్మవారివయ్యి అడిగావు, నేను మామూలుగా ఉండే నా నోటితో అడిగి తెచ్చుకున్నాను అన్నాను. అది బండి పెట్టెలు లెక్కపెట్టుకుంటూ తల కూడా తిప్పలేదు.

"నేనేం అడగలా మే. నీళ్ళు కావాలన్నా, అంతే. బడి మాట మా అవ్వే కలిపి చెప్పింది." ఇంకో పెట్టె లెక్కపెట్టి, "నాకీ బడొద్దు," అంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. దానికి అడక్కుండానే, వద్దన్నా వినకుండా పెట్టేవాళ్ళున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దాని చెయ్యి వదిలేసి, గేటు లేవగానే ఒక్కదాన్నే దాటాను.