పటంలో లేని పాయ

మా లోజ్నికీ ఊరు దెస్నా నది వంపులో ఉంటుంది. గుర్రాల మీద తిరిగే కొసాకు యోధుల కాలంలో ఊరు పెట్టినవాళ్లు మెరక వదిలేసి పల్లంలో దిగారట. చేపలూ, పశువులకు నడుంలోతు గడ్డీ దొరుకుతుంటే, ఏటా ఒకసారి కాళ్లు తడిస్తే ఏం పోయిందనుకున్నారు. ఆ బుద్ధే మాకూ వచ్చింది.

మోత్ర్యా మా ఊళ్లో ఉత్తరాలు పంచేది. భర్త యుద్ధం నుంచి తిరిగి రాకపోతే ఇరవై ఆరేళ్లకే సంచి భుజాన వేసుకుంది. చదువు రానివాళ్లకు తానే చదివి పెట్టేది. చెడ్డ కబురైతే ముందు మనిషిని కూర్చోబెట్టి, అప్పుడు కవరు చింపేది.

ఒక ఏప్రిల్‌లో మంచు కరిగి వచ్చిన వరద, వంపు చుట్టూ తిరిగే ఓపిక లేనట్టు, ఊరి నడిమధ్య నుంచి తిన్నగా పోయింది. పాత ఏరు చెరువై మిగిలింది. పదకొండు ఇళ్లు అవతలి ఒడ్డుకు చేరాయి. కొత్త ధారకు జనం పిచ్చిపాయ అని పేరు పెట్టారు.

మోత్ర్యా ఒక పడవ ఇప్పించమని అర్జీ పెట్టింది. పటంలో అక్కడ ఏరే లేదు, పడవెందుకని జిల్లా కచేరీ జవాబు రాసింది. ఆరేళ్లలో ఆమె పధ్నాలుగు అర్జీలు పెట్టింది. ఈలోగా అవతలి ఒడ్డున ఉండే యుఖిమ్ తాత చేపల పడవలోనే ఉత్తరాలు దాటించింది.

చివరికి అర్కిప్ అనే సర్వేయరు కొత్త బూట్లతో వచ్చాడు. మోత్ర్యా ఎక్కించుకున్న పడవ పాయ మధ్యకు వచ్చాక పటం ఒళ్లో పరిచాడు.

"దీని ప్రకారం ఇది మేత బీడమ్మా."

మోత్ర్యా తెడ్లు వేయడం ఆపింది. "అలాగా అయ్యగారూ. అయితే నాకీ తెడ్ల బాధెందుకు? దిగి నడుద్దాం. ముందు మీరు."

ఆయన నీళ్లకేసి చూశాడు. "లోతెంత?"

"మీ టోపీ తేలేంత."

సర్వేయరు పటం మడిచేసి పకపకా నవ్వాడు. ఆమె ఇంట్లోనే మూడు రోజులుండి, చెర్రీపళ్లు కూరిన కుడుములు తింటూ ఊరంతా కొలిచాడు. కొలత గొలుసు రెండో కొస ఆమే పట్టుకుంది. పిచ్చిపాయ అని రాయొచ్చా అని ఆయన సందేహిస్తే, దానికున్న పేరు అదొక్కటే అంది.

రెండేళ్లకు కొత్త పటమూ, నీలం రంగు పడవా వచ్చాయి. పటాన్ని ఆమె తపాలా గది గోడకు తగిలించింది. ఎవరిల్లు వాళ్లు వేలు పెట్టి చూసుకుని మురిసిపోయారు. యుఖిమ్ తాత ఇల్లు మాత్రం లేదు. గడ్డికప్పు చూసి సర్వేయరు దాన్ని గడ్డివాము అనుకున్నట్టున్నాడు. తాత అలిగి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఎనిమిదో రోజు మోత్ర్యా పడవేసుకుని వెళ్లి ఆయన్ను తీసుకొచ్చింది. కలాన్ని సిరాలో ముంచి పాయకు అవతల ఒక చుక్క పెట్టింది.

తాత కళ్లు చికిలించి చూశాడు. "ఇంకాస్త పెద్దది పెట్టవే. గొడ్లపాక కూడా ఉందిగా."

ఆమె పెట్టింది. ఇప్పటికీ మా పటంలో అన్నిటికన్నా పెద్ద భవంతి ఆయనదే.