అతుకు లేని గోడ

పోయిన నెలలో మా అల్లూరు చర్చికి లోపల రంగులు వేయించాలని సంఘ పెద్దలు కూర్చున్నారు. చిన్న గోడలు కావవి. మనిషి మీద మనిషి నిలబడినా పైకప్పు అందదు. రొయ్యల చెరువులున్న పెద్దాయన స్ప్రే మిషన్ పెట్టిద్దామన్నారు, పూటలో పని అయిపోతుందట. ఆ తుంపర బెంచీల మీదా ఫ్యాన్ల మీదా పడితే ఎవరు తుడుస్తారని ఇంకొకాయన అడ్డం తగిలారు. మూడో ఆయన బ్రష్షుకి మించింది లేదన్నారు. ఆయన ఇంటి గోడ బ్రష్షు మొహం చూసి ఎన్నేళ్ళయిందో ఊరందరికీ తెలుసు. పెళ్ళి సంబంధంలా ఎంతకీ తేలక, చివరికి అందరూ నా వైపు తిరిగి, రంగుల ఇంటి బిడ్డవి, నువ్వు చెప్పు టీచరమ్మా అన్నారు. పెద్ద గోడకి రోలరు, అంచులకీ మూలలకీ బ్రష్షు అని చెప్పేశాను. ఆలోచించే పనేముంది? ఆ విద్య నాకు అంత బాగా తెలియకపోయినా బాగుండేది.

ఆ చర్చి కట్టినప్పుడు రంగు వేసింది మా పెదనాన్న, నాన్న. రోలర్లు అప్పటికి మా వైపు కొత్త. పెదనాన్న నిచ్చెనెక్కి పైఅంచు బ్రష్షుతో దిద్దుకుంటూ పోతే, నాన్న పొడుగు కర్రకి బిగించిన రోలరుతో కింద నుంచి వెన్నంటి వచ్చేవాడు. కిటికీ పక్క మొదలుపెట్టి అవతలి మూల దాకా, ఒక పట్టీ తడి ఆరకముందే పక్క పట్టీ దాంట్లో కలిసిపోవాలి. ఆరాక కలిపితే మధ్యలో చార పడుతుంది. దాన్ని వాళ్ళు అతుకు అనేవారు. వడగాలి రోజుల్లో రంగు డబ్బాలో ఉండగానే మీగడ కట్టేది కాబట్టి, గోడ మొదలుపెట్టాక మంచినీళ్ళకి కూడా ఆగేవాళ్ళు కాదు. పెదనాన్నకి అతుకంటే ఎంత గిట్టదంటే, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా విస్తరి కన్నా ముందు గోడ చూసేవాడు. పిలిచినవాళ్ళకి అన్నం సహించేది కాదు. పెద్దమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని చుట్టాలిళ్ళకి వెళ్ళడమే మానేసింది.

ఆ ఎండాకాలం అమ్మకి కామెర్లు వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారు. దగ్గర నేనూ అమ్మమ్మా ఉన్నాం. తగ్గుముఖం పట్టిందని డాక్టరు అన్నాక నాన్న పనికి వెళ్ళాడు. ఆదివారం చర్చి ప్రతిష్ఠ, ప్రసంగ వేదిక వెనక గోడ ఒక్కటే మిగిలింది. అన్నిటికన్నా పెద్దది అదే. ఆ గోడ మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం అమ్మకి ఉన్నట్టుండి తిరగబెట్టింది. అమ్మమ్మ ఊరికి ఫోను చేయిస్తే, మా పక్కింటి మామ సైకిలేసుకుని చర్చికి పరిగెత్తాడు. కబురు విని నాన్న రోలరు కింద పెట్టాడట. అప్పటికి గోడ సగమైంది. పెదనాన్న నిచ్చెన మీద నుంచే అన్నాడట:

"సగంలో పోతే అతుకు పడతాది రా. దేవుడి గోడ. ఇంకెంతసేపు, ముగించి పో."

అన్న మాట దాటిన మనిషి కాదు నాన్న. మళ్ళీ రోలరు ఎత్తాడు. నెల్లూరు బస్సు పోవడం కిటికీలోంచి చూసి కూడా చెయ్యి ఆపలేదని మామే తర్వాత చెప్పాడు.

అమ్మ తలుపు వైపే చూస్తూ, "వస్తాండాడా మీ నాయన?" అని అడుగుతూనే ఉంది. బస్సెక్కుంటాడని నేను చెబుతూనే ఉన్నాను. నాన్న వచ్చేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేశారు. ఆయన ముంజేతుల మీద రంగు ఎండి పెళ్ళలు కట్టి ఉంది. పెదనాన్న పోయి కూడా చాలా ఏళ్ళయింది గానీ, ఆయన మీద నాకు కోపం పోలేదు. పోవాలని ప్రార్థన చేసిన మాట నిజమే, మనస్ఫూర్తిగా మాత్రం చేయలేదు.

ప్రతిష్ఠకి వచ్చినవాళ్ళంతా ఆ గోడని మెచ్చుకున్నారట. ఆ తర్వాత ప్రతి ఆదివారం, ఆరాధన ముగిసి జనం వెళ్ళిపోయాక, నాన్న గోడకి చెంప ఆనేంత దగ్గరగా నిలబడి కిటికీ వెలుగులో వారగా చూసేవాడు. చేసిన పని చూసి మురిసిపోతున్నాడనుకునేవారు అందరూ. నేనూ అలాగే అనుకుని మండిపడేదాన్ని. ఉద్యోగంలో చేరాక ఒకసారి అడిగేశాను.

"బస్సు పోయినప్పుడన్నా నా చెయ్యి ఆగుంటాదేమోనని చూస్తాండానమ్మా," అన్నాడు. "ఆగలా. యాడా అతుకు లేదు."

మంచం పట్టేదాకా అలా వెతుకుతూనే ఉన్నాడు.

ఇప్పుడు పనికి కావలి నుంచి ఒక పెయింటరు వచ్చాడు, నెమ్మదైన ముస్లిం మనిషి. మిగతా గోడలన్నీ అయ్యి వేదిక వెనకది మిగిలేసరికి శుక్రవారమైంది.

"ఈ గోడ రేపు పట్టుకుంటానమ్మా. మద్దేనం నమాజుకు పోవాల. సగంలో ఆపితే అతుకు పడతాది," అన్నాడు.

"ఇప్పుడే మొదలుపెట్టు. టైమైనప్పుడు ఎంత దాకా అయితే అంత దాకా ఆపి పో," అన్నాను.

అందరూ చూసే గోడ కదమ్మా అని నచ్చజెప్పబోయాడు. ఏమన్నా అంటే నేను చూసుకుంటానన్నాను. అజాన్ వినపడగానే రోలరు నీళ్ళ బకెట్లో వేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను ముందు బెంచీలో కూర్చుని ఆ తడి అంచు ఆరిపోవడం చూశాను. బయట వడగాలి, ఎంతోసేపు పట్టలేదు. అతను తిరిగి వచ్చాక ఎంత జాగ్రత్తగా కలిపినా పై నుంచి కింద దాకా చార నిలబడిపోయింది.

ఆదివారం పెద్దలు చూసి మొహాలు ముడుచుకున్నారు. స్ప్రే అయితే ఈ గొడవ ఉండేది కాదన్నారు రొయ్యల ఆయన. నాన్న ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించేదాన్ని. ఆ గోడ దగ్గర ఒక మనిషి పని ఆపి వెళ్ళిపోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.