నాయనమ్మ విరుగుడు

మొన్న ఎయిర్‌పోర్టు రోడ్డులో కొత్తగా తెరిచిన ఒక హోటల్లో కూర్చుంటే, నేను అడగకుండానే ఒకాయన చిన్న గాజు గ్లాసులో నల్లద్రాక్ష రసం తెచ్చిపెట్టి, "మా తరఫున ఫ్రీ మేడం" అన్నాడు. నేను గ్లాసు ముట్టుకోలేదు. ముందు వాసన చూశాను. ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే ముందు వాసన చూడటం, తరువాత ఇచ్చినవాళ్ళ మొహం చూడటం, ఆ తరువాత వాళ్ళ చేతిలో కాగితమేమైనా ఉందేమోనని చూడటం మా ఇంటి ఆడవాళ్ళ అలవాటు. నాకు నేర్పింది మా నాయనమ్మ. ద్రాక్ష తొక్కల ఆ వగరు వాసన తగలగానే, నా పదో ఏట శంషాబాద్ పక్కన మా ఊళ్ళో, రేకుల గదిలో కిరసనాయిలు స్టవ్ మీద కుతకుతలాడిన ఒక అల్యూమినియం గిన్నె కళ్ళ ముందుకొచ్చింది.

అప్పటికి ఎయిర్‌పోర్టు తెరిచి రెండేళ్ళయింది. జొన్నచేలు, టమాట మళ్ళు ఉన్నచోట నల్లటి రోడ్లు పడ్డాయి, విమానం దిగేటప్పుడల్లా ఇళ్ళమీది రేకులు దడదడలాడేవి, తొక్కుడుబిళ్ళ ఆడుతున్న మేము ఒంటికాలి మీదే నిలబడి తల పైకెత్తి దాని తోక ఏ రంగో చూసి కేకలు వేసేవాళ్ళం. అయినా సీతాఫలాల కాలంలో గంపలు రోడ్డుపక్కకు వచ్చేవి, బతుకమ్మకు తంగేడు పూలకోసం మునుపటికంటే కొంచెం ఎక్కువ దూరం నడిచేవాళ్ళం, నాయనమ్మ రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి మా చేతుల్లో పెట్టేది. వయసులో ఉన్నప్పుడు ఆమె ద్రాక్షతోటల్లో కూలికి పోయేదట. గుత్తిని ఎత్తిపట్టి కత్తిరించే పని ఆమె వేళ్ళలో ఎంతగా ఉండిపోయిందంటే, బజారులో ద్రాక్షలు కొన్నా అలాగే ఎత్తి చూసేది. ఆ తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయిపోతున్న రోజులవి. తెల్ల చొక్కాల బ్రోకర్లు మిఠాయి డబ్బాలతో వచ్చి మంచం మీద కూర్చుని, నాయనమ్మను అమ్మా అని పిలిచి, "నువ్వేం చెయ్యనక్కర్లే, మమ్మల్ని నమ్ము, అంతా మేం చూసుకుంటం" అనేవాళ్ళు. మిఠాయి తినడం పూర్తికాక ముందే సంచిలోంచి వేలిముద్రల సిరా డబ్బా బయటికి వచ్చేది. అలా మా రెండెకరాలు పోయాక, నాయనమ్మ మిఠాయి తినడం మానేసింది.

ఆ ఏడాదే నా చెల్లె పోయింది. ఏడాదిన్నర పిల్ల. నాలుగు రోజుల జ్వరం. అమ్మ ఏడవలేదు, ఏడ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మాట మానేసింది. పొద్దున లేచి ఎయిర్‌పోర్టులో నేలలు తుడిచే పనికి పోయేది, వచ్చి వండేది, మాకు పెట్టేది, తను మాత్రం గోడకు ఆనుకుని చెల్లె గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాయిన కారు నడుపుతూ వారానికోసారి వచ్చేవాడు, వచ్చినా ఆ గోడ వైపు చూడలేకపోయేవాడు. ఇలా ఉండగా అమ్మతో పనిచేసే మైలార్‌దేవ్‌పల్లి ఆమె ఒక ఆదివారం అమ్మను మా రోడ్డుమీది రేకుల గదికి, ప్రార్థనకు తీసుకుపోయింది. మూడు నెలలు తిరిగేసరికి అమ్మ గిన్నెలు తోముతూ సన్నగా పాట అందుకుంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. నాయనమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

"ఏదో పెట్టిన్రు బిడ్డా," అంది నన్ను దగ్గరికి లాక్కుని. "గంత దుఃఖం ఊకెనే పోతదా? మందు పెట్టిన్రు."

మందు పెట్టడమంటే మా వైపు పిల్లలకు కూడా తెలుసు. అన్నంలోనో పాలలోనో ఏదో కలిపి తినిపిస్తే, తిన్న మనిషి సొంతవాళ్ళను మరిచిపోయి, పెట్టినవాళ్ళ వెంట పోతుంది. అందుకని అమ్మ వెంట నన్ను కాపలాగా పంపడం మొదలుపెట్టింది నాయనమ్మ. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను ఇంటికి రాగానే గుమ్మంలో విచారణ జరిగేది.

"సంతకం అడిగిన్రా?"

"లే."

"ఏలిముద్ర?"

"లే నాయనమ్మా."

"అయితే ఇంకా పెద్ద గాలమే. మంచిగ చూడు."

నేను మంచిగానే చూశాను. చాపల మీద ఓ ముప్పై మంది, ఒక డప్పు, తాళాలు, మూలన స్టవ్, గోడకు మేకులు. విమానం వచ్చినప్పుడు పాస్టరయ్య నోరు మూసుకుని చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడేవాడు, అది పోయాక వదిలిన మాట దగ్గరే అందుకునేవాడు. దేవుని కృప ఉచితమనీ, దానికోసం మనం చెయ్యగలిగింది ఏమీ లేదనీ, ఆయన్ను నమ్మి ఆయన మీద భారం వేస్తే చాలనీ చెప్పేవాడు. ఏమీ చెయ్యనక్కర్లేదు, నమ్మితే చాలు, అంతా ఆయనే చూసుకుంటాడు. మిఠాయి డబ్బాలవాళ్ళ మాటలే, అక్షరం పొల్లుపోలేదు. సిరా డబ్బా ఎక్కడ దాచారా అని నేను గదిలో మూలమూలా వెతికేదాన్ని.

పాస్టరయ్య భార్యను అందరూ పాస్టరమ్మ అనేవాళ్ళు. గుంటూరు వైపు మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది, పిల్లలను కూడా పేరు చివర అమ్మా అని చేర్చి పిలిచేది. ఆ మర్యాద మీద నాకు మరీ అనుమానం. మా ఇంట్లో నన్ను ప్రేమగా పిలిచినా తిట్టినట్టే ఉండేది, ఈమె తిట్టినా ప్రేమగా ఉండేటట్టు ఉంది, ఇది మంచి లక్షణం కాదనుకున్నాను.

ఎండలు ముదురుతుండగా అమ్మ బాప్తిస్మం తీసుకుంది. ఆ తరువాతి ఆదివారం నుంచి ఆమె కూడా నెలకోసారి అందరితోపాటు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క, ద్రాక్షరసం పుచ్చుకోవచ్చునన్నారు. అంతవరకూ ఆ చిన్న స్టీలు గ్లాసు అమ్మను దాటి పోయేది. ఈ కబురు చెప్పగానే నాయనమ్మ మొహం నల్లబడింది.

"గదే మందు. గది తాగిందంటే ఇగ మీ అమ్మ మన ఇంట్ల ఉన్నా మనది కాదు."

చెల్లె పోయింది, పొలం పోయింది, ఇప్పుడు అమ్మ. ఆ వారమంతా బడి నుంచి వస్తూనే అమ్మ కొంగు పట్టుకుని ఇంట్లో ఎటు పోతే అటు తిరిగాను.

రసం తయారుచేసే పద్ధతి ఆ గది కిటికీలోంచి చూసి నాకు తెలుసు. బల్లకు ముందు శనివారం మధ్యాహ్నం పాస్టరమ్మ నల్లద్రాక్షలు కడిగి, తొడిమలు వలిచి, నీళ్ళు పోసి ఉడికించి, మెదిపి, తెల్ల గుడ్డలో వడగట్టి మూత పెట్టేది. మర్నాడు బల్ల మీద పెట్టి ప్రార్థన చేసేదాకా దాన్ని రుచి చూడకూడదని ఆమె నియమం. అచ్చం అమ్మవారికి బోనం వండేటప్పుడు మా నాయనమ్మ నియమమే. ఇది చెప్పినప్పుడు నాయనమ్మ కళ్ళు చిన్నవయ్యాయి.

"రుచి చూడదా? అయితే మంచిదే."

ఆమె దగ్గర దేనికైనా విరుగుడు ఉండేది. నీడన ఎండబెట్టిన వేపాకును రాళ్ళ ఉప్పుతో కలిపి రోట్లో దంచి, జల్లించి, డబ్బాలో పోసి ఉంచేది. కడుపులో పురుగులకు అదే, పంటి నొప్పికి అదే, దిష్టికీ అదే. ఆ శనివారం పిడికెడు పొడి అమ్మ మీది నుంచి, ఆమెకు తెలియకుండా వెనక నుంచి మూడుసార్లు తిప్పి, కాగితంలో పొట్లం కట్టి నా లంగా నాడా దగ్గర దోపింది. ద్రాక్షలు వలుస్తానని నేను పోతే పాస్టరమ్మ సంతోషపడింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వలిచాం, వేళ్ళు ఊదారంగుకు తిరిగాయి, పగిలినవి రెండు నా నోట్లో పెట్టింది. నేను మింగలేదు, తల తిప్పి ఉమ్మేశాను. వడగట్టిన రసాన్ని గిన్నెలో పోసి ఆమె గుడ్డ ఉతకడానికి బయటికి పోగానే పొట్లం విప్పి మొత్తం పోసి, గరిటెతో తిప్పి, ఇంటికి పరుగెత్తాను.

ఆదివారం ప్రార్థన అయింది. చిన్న గ్లాసులు చాపల మీదుగా చేతులు మారాయి. అందరూ ఒక్కసారే తాగారు. ఆ మొహాలు నేను ఈ జన్మలో మరిచిపోను. ముందు వరుసలో ఒక ముసలాయనకు పొలమారింది, ఒకామె కళ్ళు గట్టిగా మూసుకుంది, ఎవరూ ఉమ్మలేదు, ఈసారికి ఇలాగే ఉంటుందేమోననుకుని భక్తిగా మింగారు పాపం. పాస్టరమ్మ సగం తాగి ఆగింది. ఆమె చూపు ఆ గదిలో అందరినీ దాటుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఆమె చూపు తిప్పుకుని మిగిలిన సగమూ తాగేసింది. అమ్మ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం వాసన చూసింది, మా ఇంటి ఆడది కదా. తరువాత అడుగు దాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

నేను తలుపు చాటున నిలబడ్డాను. పాస్టరమ్మ గ్లాసులు కడుగుతూ పిలిచింది. చెంపదెబ్బకు సిద్ధపడి వెళ్ళాను. ఆమె నా చేతికి పొడిగుడ్డ ఇచ్చి, "ఇవి తుడువమ్మా. వచ్చే నెల కూడా ద్రాక్షలకు నువ్వే రావాలి, మర్చిపోకు" అంది. అంతే.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. అమ్మ చెప్పులు విడిచి ఆమె ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, ఉప్పు జర ఎక్కువైంది."

నాయనమ్మ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. "తాగినవా?" అంది.

"తాగిన."

"ఎరికై గూడ?"

"ఎరికై గూడ. నీ చేతి వేపాకు నాకెరుక లేదా? నన్ను పోనియ్యొద్దని గింత పరేషాన్ అయితివి. నేనేడికి పోత అత్తమ్మా, ఈడనే ఉంట." అని అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పదినెలల తరువాత అది మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూ నాయనమ్మ మోకాళ్ళ మీద తల పెట్టి, చెల్లె కోసం అప్పటిదాకా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. నాయనమ్మ లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చి, "నోరు చేదుగున్నట్టుంది, తిను" అని కోడలి నోట్లో పెట్టింది.

అంతమాత్రాన నాయనమ్మ మెత్తబడిందనుకునేరు. అమ్మ బొట్టు తీసేయడాన్ని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. పాస్టరమ్మ నన్ను మళ్ళీ పిలిచిందని తెలిసి, "ఏదో మతలబున్నది. గింత ఓపిక పట్టిందంటే పెద్దదే అడుగుతది" అంది. నాకూ అదే నమ్మకం. పాస్టరమ్మ ప్రతి నెలా నన్ను గిన్నె దగ్గర ఒంటరిగా వదిలి నీళ్ళకు పోయేది. పరీక్ష పెట్టి ఎక్కడి నుంచో చూస్తోందనుకుని, నేనే కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. ఆమె నిజంగానే బోరింగు దగ్గర బిందె నింపుకుంటూ ఉండేది. తాజా ద్రాక్షలు దొరకని నెలల్లో ఎండుద్రాక్షలు నానబెట్టేది, అప్పుడూ నన్నే పిలిచేది. అలా నాలుగేళ్ళు గడిచాయి, ఆమె ఏమీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను హాయిగా ద్వేషించి ఉందును.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆ జాగా అమ్ముడుపోయి గది ఖాళీ చెయ్యమన్నారు. సామాను మూట కడుతుంటే ఇక ఆగలేక అడిగేశాను.

"ఆ రోజు రసంల ఎవరు కలిపిన్రో మీకు తెల్సా?"

"ఆ రోజే తెలుసమ్మా."

"మరి నన్ను మళ్ళా ఎందుకు పిలిచిన్రు?"

ఆమె ముడి వేయడం ఆపి, నిజంగానే అర్థం కానట్టు నా వైపు చూసింది. "పిలవకూడదా?" అంది. మళ్ళీ ముడి బిగించుకుంది.

ఆ గది ఉన్నచోట ఇప్పుడు కార్లు ఆపుకునే జాగా ఉంది. ద్రాక్షతోటలు ఎక్కడుండేవో చెప్పగలిగేవాళ్ళు మా ఊళ్ళో లేరు. పాస్టరమ్మవాళ్ళు తమ ఊరికి పోయారని విన్నాను, ఆ తరువాత జాడ తెలియలేదు. నాయనమ్మ పోయే ముందు వారం, అమ్మ చేతి గంజి తాగుతూ, "గా పాస్టరమ్మ ఏమన్న అడిగిందా?" అంది. లేదన్నాను. "చిత్రం," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

అమ్మ ఇప్పటికీ పాడుతూనే గిన్నెలు తోముతుంది, ఇప్పటికీ మా ఇంట్లోనే. నేను మాత్రం ప్రతి కాగితం చివరి పంక్తి దాకా చదివే మనిషిగా తయారయ్యాను. హోటల్లో ఆ గ్లాసు పక్కన పెట్టి కూర్చున్నానా, కాసేపటికి ఆయన ఒక చీటీ తెచ్చి ఫోన్ నంబరు రాసివ్వమన్నాడు. చూశావా నాయనమ్మా అనుకున్నాను. నూటికి తొంభైతొమ్మిది సార్లు నువ్వు చెప్పినట్టే జరుగుతుంది. ఆ ఒక్క గిన్నె దగ్గరే నీ లెక్క తప్పింది. పాస్టరమ్మ ఏమైనా అడుగుతుందేమోనని అప్పట్లో భయపడుతూ ఎదురుచూశాను. ఇప్పుడూ ఎదురుచూస్తున్నాను, ఒక్కసారి వచ్చి ఏదైనా అడిగితే బాగుండునని.